గంగలో పల్లె, గౌడవెల్లిలో ప్లాటు

సికింద్రాబాద్‌లో బయల్దేరిన ఎంఎంటీఎస్ బొల్లారం, గుండ్లపోచంపల్లి దాటి గౌడవెల్లిలో కాసేపు ఆగి మేడ్చల్‌కు పోతుంది. ఈ బండి ఇటువైపు రావడం మొదలైంది 2023 ఏప్రిల్‌లో. బండి కంటే చాలా ముందే దాని పేరు వచ్చి వెంచర్ బోర్డుల మీద కూర్చుంది. ఔటర్ రింగ్ రోడ్డు, 44వ నంబరు జాతీయ రహదారి, ఎంఎంటీఎస్ అన్న మూడు మాటల్లో కనీసం రెండైనా లేని బోర్డు మేడ్చల్ చుట్టుపక్కల కనబడటం అరుదు. జాగా వెతుక్కునే మనిషి ఒక ఆదివారం ఈ రోడ్ల మీద తిరిగితే చిన్న పుస్తకమంత సాహిత్యం చదివేసి ఇంటికెళ్తాడు. చదివానన్న సంగతి మాత్రం అతనికి తెలియదు.

తమాషా ఏమిటంటే, ఆ సాహిత్యాన్ని విప్పి చూసే పనిముట్లు అతని దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. తెలుగు మీడియంలో పదో తరగతి దాటిన ప్రతివాడూ ఆ పనిముట్లను ఒకసారి చేతపట్టినవాడే. అలంకారాన్ని గుర్తించండి, లక్షణం రాయండి, సమన్వయించండి అన్న ప్రశ్నకు ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి అని గడగడా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నవాడే. పరీక్ష హాలు గడప దాటగానే ఆ పేర్లన్నీ హాల్‌టికెట్‌తో పాటు ఎక్కడో పోయాయి. పాతికేళ్ల తర్వాత, జీవితంలో అన్నిటికన్నా ఖరీదైన వాక్యం చదువుతున్నప్పుడు అవి చేతికి అందవు.

ఒక బోర్డునే తీసుకుందాం. ‘ఇది ప్లాటు కాదు, మీ పిల్లల భవిష్యత్తు.’ ఇలాంటి మాట రాయని కంపెనీ ఉండదు కనుక ఎవరిదని అడగనక్కర్లేదు. ఉన్నదాన్ని కాదని, దాని చోట లేనిదాన్ని నిలబెట్టడం అపహ్నుతి. ముఖాన్ని చూపించి ఇది ముఖం కాదు, చంద్రుడు అనే కవి చేసే పనే ఇది. లక్షణం అయింది, ఇక సమన్వయం. ఇక్కడ ‘కాదు’ అనిపించుకున్నది ప్లాటు. అంటే కొలతలు, హద్దులు, సర్వే నంబరు, లింకు డాక్యుమెంట్లు ఉండవలసిన వస్తువు. ఆ ఒక్క ‘కాదు’తో అవన్నీ పక్కకు పోయాయి. భవిష్యత్తుకు సర్వే నంబరు ఎవరు అడుగుతారు?

దాని పక్క బోర్డు ప్రశ్న వేస్తుంది: ‘అద్దె కడుతూ ఇంకెన్నాళ్లు?’ ఇది జవాబు కోసం వేసిన ప్రశ్న కాదు. గొంతు విరుపుతోనే అర్థాన్ని తిప్పే ఈ తీరును పూర్వులు కాకువు అన్నారు. ఇంకో బోర్డు మరీ చమత్కారం: అప్పట్లో ఏమీ లేనప్పుడు కొన్నవాళ్లే లాభపడ్డారు, ఇప్పుడు కొనేవాళ్ల సంగతి చెప్పాలా? దీనికి శాస్త్రంలో నోరూరించే పేరుంది, దండాపూపిక న్యాయం. కర్రకు అప్పాలు గుచ్చి పెట్టారు. పొద్దున చూస్తే ఎలుకలు కర్రనే కొరికేశాయి. కర్రనే కొరికినవి అప్పాలను వదులుతాయా, వేరే చెప్పాలా? వినగానే బుర్ర ఊగిపోతుంది. మేడ్చల్ బోర్డు ముందు నిలబడ్డ మనిషి అడగవలసిందొకటే, అసలు కర్ర కొరికిన ఆనవాలు ఎక్కడ? ఆ లాభం ఎవరికి, ఏ సర్వే నంబరులో, ఏ ఏడాది వచ్చింది?

ఇంతవరకూ సరదా ఆటే. అలంకారాలకు పేర్లు పెట్టుకుంటూ పోతే బోర్డులు అయిపోతాయి గాని పేర్లు అయిపోవు. లోతుగా చూడవలసింది ఒక పాత ఉదాహరణను.

అలంకార శాస్త్రం చదివేవాళ్లకు శతాబ్దాలుగా చెబుతూ వస్తున్న వాక్యం ఒకటుంది: గంగలో గొల్లపల్లె. నదిలో పల్లె ఎలా ఉంటుంది, కొట్టుకుపోదా? కాబట్టి గంగలో అంటే గంగ ఒడ్డున అని చెప్పుకోవాలి. మాట తన సొంత అర్థం కుదరక పక్కనున్న అర్థాన్ని పట్టుకోవడమే లక్షణ. అసలు ప్రశ్న ఆ తర్వాతది. ఒడ్డున అనే మాట ఉండగా చెప్పేవాడు గంగలో అని ఎందుకన్నాడు? ఒడ్డున అంటే రాని చల్లదనం, పావనత్వం గంగలో అంటే వచ్చేస్తాయి కాబట్టి. నోటితో అనకుండానే వినేవాడి మనసులో పుట్టించే ఆ చల్లదనాన్ని వ్యంగ్యం అన్నారు. ఇప్పుడు ఎత్తిపొడుపుకు వాడుతున్న మాటే, అప్పట్లో దాని అర్థం సూచన. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో గంగలో గొల్లపల్లె అన్న ఈ రెండు మాటల మీద ఎంత వాదం నడిపాడో చూస్తే ముచ్చటేస్తుంది.

ఆ వాక్యాన్ని ఇప్పుడు గౌడవెల్లి రోడ్డు మీద పెట్టి చూడాలి. ‘హైదరాబాద్‌లో సొంత స్థలం.’ ‘ఔటర్ మీద విల్లా ప్లాట్లు.’ ‘మేడ్చల్‌లో’ అని పెద్దక్షరాలతో రాసిన లేఅవుటు, మేడ్చల్ దాటి ఎన్నో ఊళ్లు వెనక్కిపోయాక వస్తుంది. అదే లో, అదే మీద. గంగ బదులు ఔటర్, గొల్లపల్లె బదులు గేటెడ్ కమ్యూనిటీ. చల్లదనం, పావనత్వం బదులు ధర పెరుగుతుందన్న ఊహ. భరతఖండంలో మొట్టమొదటి రియల్ ఎస్టేట్ ప్రకటన గంగలో గొల్లపల్లే అనిపిస్తుంది!

అయితే రెంటికీ ఒక తేడా ఉంది. లక్షణ పనిచేయాలంటే మూడు షరతులు పెట్టారు. మొదటిది, మాటకున్న సొంత అర్థం అక్కడ కుదరదని తేలిపోవాలి. రెండోది, కొత్త అర్థానికి పాతదానితో చుట్టరికం ఉండాలి. మూడోది, అలా అనడానికి ఓ ప్రయోజనమో, రూఢియో ఉండాలి. నీళ్లలో పల్లె ఉండదని గంగను చూడనివాడికి కూడా తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ మోసపోలేదు. ఔటర్ సంగతి అలా కాదు. కరీంనగర్ నుంచో, డాలస్ నుంచో ఫోన్‌లో బ్రోచర్ చూసే మనిషికి ‘మీద’ అన్నది ఇక్కడ కుదరదని తెలియదు. అతనికి మొదటి షరతు తీరలేదు. బోర్డు రాసినవాడు అలంకారం రాశాడు, చదివినవాడు చిరునామా చదివాడు. అలంకారానికీ అబద్ధానికీ మధ్య గీత సరిగ్గా ఇక్కడే ఉంది. వాక్యం రెంటిలోనూ ఒకటే, ఎదుటివాడికి తెలుసా తెలియదా అన్నదొక్కటే తేడా.

‘ఔటర్‌కు పది నిమిషాలు’ అన్న మాటా అంతే. నిమిషం కాలానికి కొలత, దూరానికి కాదు. 158 కిలోమీటర్ల ఔటర్ మీద కార్ల వేగానికి పరిమితిని 2023లో 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ లెక్కన పది నిమిషాలంటే 20 కిలోమీటర్లు. గేదెలు అడ్డొచ్చే ఊరి రోడ్డులో గంటకు 30 మీద పోతే అవే పది నిమిషాలు 5 కిలోమీటర్లు. బోర్డు ఏ కారులో, ఏ వేళప్పుడు కొలిచిందో ఎవరికెరుక? కొలతల మాటకొస్తే, ఇక్కడ రైతు అమ్మేది ఎకరాల్లో, గుంటల్లో. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. కొనేవాడి దగ్గరికి వచ్చేసరికి అదే మట్టి గజాల్లోకి, ఇల్లు లేచాక చదరపుటడుగుల్లోకి మారుతుంది. కొలత చిన్నదైనకొద్దీ ధర చిన్నదిగా కనబడుతుంది. దీనికి అలంకార శాస్త్రంలో పేరు లేదు గాని అంగడి శాస్త్రంలో ఉండే ఉంటుంది.

పడమటి దేశాల్లో ఒప్పించే మాటను విడదీసి చూపినవాడు అరిస్టాటిల్. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో ఆయన మూడు దారులు చెప్పాడు: చెప్పేవాడి మీద గురి, వినేవాడి ఉద్వేగం, మాటలోని తర్కం. ఈథోస్, పేథోస్, లోగోస్ అంటూ కాలేజీల్లో ఇంగ్లిష్ క్లాసులో ఇప్పటికీ అవే చెబుతారు. ఇలాంటి వాటి కోసం తెలుగువాడు అంత దూరం వెతుక్కుంటూ పోనక్కర్లేదు. పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు పిల్లల కోసం తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకం రాశాడు. దేశమంతటా తర్కానికి అదే బాలశిక్ష అయింది. అందులో మాట ఎప్పుడు ప్రమాణం అవుతుందంటే, ఆప్తుడు చెప్పినప్పుడు. ఆప్తుడంటే ఇప్పటి వాడుకలో దగ్గరివాడు. అక్కడ మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. హోర్డింగ్ మీద నవ్వుతున్న సినిమా నటుడు మొదటి అర్థంలో ఆప్తుడే. ప్రతి పండక్కీ టీవీలో మన ఇంటికొచ్చేవాడు కదా! రెండో అర్థంలో అతను ఆ లేఅవుటు చూశాడో లేదో కూడా తెలియదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ రెండో అర్థాన్నే పట్టుకుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించిన ప్రముఖుడికీ 10 లక్షల దాకా జరిమానా పడవచ్చు. ముందే విచారించుకున్నానని చూపించగలిగితే తప్పించుకోవచ్చు.

అన్నంభట్టు దగ్గర ఇంకో మంచి సరుకుంది. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది అంటే సరైన తర్కం. తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉంటుంది అంటే తప్పు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగేది? నిప్పుకు పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి. చెప్పకుండా దాచేసిన ఈ తడికట్టె షరతును తర్కంలో ఉపాధి అంటారు. ఇక బోర్డు దగ్గరికి వస్తే: ఇక్కడ ధర పెరుగుతుంది, ఎందుకంటే ఔటర్ పక్కన ఉంది. ఔటర్ నిప్పు, ధర పొగ. తడికట్టె ఏది? నీళ్లు, చిక్కుల్లేని కాగితాలు, రోజూ పోయి రావడానికి బండ్లు, దగ్గర్లో పనిచేసుకోవడానికి కొలువులు. చివరిదాన్ని ఇవాళ్టి తెలుగులో కూడా ఉపాధి అనే అంటాం. శాస్త్రం మాట, కలెక్టరాఫీసు మాట ఒకచోట కలుసుకోవడం ఇలా అప్పుడప్పుడు జరుగుతుంది.

ఇదంతా చదివితే పేర్లు తెలిసినవాడు ఎప్పుడూ ఒప్పించేవాడికి ఎదురుగా నిలబడతాడనిపిస్తుంది. అలా ఏమీ లేదు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసిన అలంకార గ్రంథం ప్రతాపరుద్ర యశోభూషణం. తొమ్మిది ప్రకరణాలు. నాయకుడి లక్షణాల నుంచి రసాలు, దోషాలు, గుణాలు, అలంకారాల దాకా అన్నీ ఉన్నాయి. లక్షణం పక్కనే ఉదాహరణ, ఉదాహరణల్లో ఎటుచూసినా ప్రతాపరుద్రుడే. ఉపమకూ ఆయనే, అతిశయోక్తికీ ఆయనే. నాటకం ఎలా ఉండాలో చూపడానికి ఆయన పేరుతోనే ఒక పూర్తి నాటకం రాసి మధ్యలో పెట్టాడు. ఒప్పించే మాటలకు పేర్లు నేర్పే పుస్తకం తానే ఒక ప్రకటన. పైగా దాపరికం లేదు, ప్రతాపరుద్రుడి కీర్తికి నగ అని పుస్తకం పేరులోనే చెప్పుకుంది. పదహారో శతాబ్దంలో భట్టుమూర్తి అదే అచ్చులో తెలుగులో కావ్యాలంకార సంగ్రహం రాసి రాజును మార్చాడు. నరసరాజుకు అంకితమైన ఆ పుస్తకాన్ని జనం నరసభూపాలీయం అనే పిలిచారు. ఉదాహరణల్లో దిక్కులన్నీ గెలుస్తున్న ప్రతాపరుద్రుడు 1323లో ఓరుగల్లును పోగొట్టుకుని ఢిల్లీకి బందీగా పోతూ దారిలోనే కన్నుమూశాడు. అలంకారాలు మాత్రం చెక్కుచెదరలేదు.

ప్రతాపరుద్ర యశోభూషణానికి రత్నాపణం అనే వ్యాఖ్య రాసిన కుమారస్వామి ప్రసిద్ధ వ్యాఖ్యాత మల్లినాథసూరి కొడుకు. వాళ్ల ఇంటిపేరు కొలచాల, ఊరు మెదక్ జిల్లా కొల్చారం. గౌడవెల్లి మీదుగా పోయే పట్టాల మీదే ముందుకు పోతే అక్కన్నపేట దగ్గర మెదక్‌కు చీలిక ఉంది. ఆ లైను 2022లో మొదలైంది. అలంకారాలను విప్పి చెప్పడమే వృత్తిగా బతికిన ఇంటివాళ్ల ఊరికి, ఈ బోర్డులున్న ఊరికి మధ్య దూరం ఓ పూట ప్రయాణం లోపే.

ఒప్పించే గొంతులు మూడని పూర్వులు చెప్పిన మాట విద్యానాథుడి పుస్తకంలోనూ కనబడుతుంది. రాజులా ఆజ్ఞాపించేది ప్రభుసమ్మితం, స్నేహితుడిలా నచ్చజెప్పేది సుహృత్‌సమ్మితం, ప్రియురాలిలా మనసు కరిగించి తనవైపు తిప్పుకునేది కాంతాసమ్మితం. వేదానిది మొదటిది, పురాణానిది రెండోది, కావ్యానిది మూడోది. సిగరెట్ పెట్టె మీది హెచ్చరిక ప్రభువు గొంతు. దాన్ని ఎంతమంది వింటారో పాన్‌డబ్బా ముందు నిలబడితే తెలుస్తుంది.

మూడో గొంతు ఏం చేయగలదో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం కోసం తయారైన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. సారా తాగొద్దని అందులో ఆజ్ఞ లేదు. ఒక ఊళ్లో ఆడవాళ్లు ఏకమై ఏం చేశారన్న కథ ఉంది, అంతే. రాత్రి బడిలో దాన్ని కూడబలుక్కుని చదివిన దూబగుంట ఆడవాళ్లు 1992లో తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. వాళ్లలో వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినబడింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ తర్వాత రెండేళ్లకే సడలింపులు వచ్చిన మాటా నిజమే. కానీ ఓనమాలు నేర్పడానికి రాసిన పాఠం ప్రభుత్వ ఖజానాను కదిలించిన సందర్భాలు ఎన్నుంటాయి? అక్కడ చదివినవాళ్లకు అది కథ అని తెలుసు. సీతమ్మ తమ ఊరిది కాదనీ తెలుసు. గంగలో పల్లె షరతు అక్కడ పూర్తిగా తీరింది.

వెంచర్ బ్రోచర్ కూడా మూడో గొంతునే ఎంచుకుంటుంది. నీలిరంగు ఈతకొలను, గొడుగుకింద నవ్వే జంట, సైకిలు తొక్కే పాప. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ‘ఊహాచిత్రం’ అని ఉంటుంది. ఉత్ప్రేక్షను ఉత్ప్రేక్ష అని ఒప్పుకోవడం వరకూ బాగానే ఉంది, ఒప్పుకున్న సైజే బాగాలేదు. ప్రధాన ప్రకటనలో తప్పుదోవ పట్టించి కింది చిన్నక్షరాల్లో సర్దుకోవడం కుదరదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు చెప్పాయి. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం ప్రకటన మీద రెరా నమోదు నంబరు ఉండి తీరాలి. ప్రకటనలోని తప్పు మాట నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోయినవాడు పరిహారం అడగవచ్చు, వద్దనుకుంటే వడ్డీతో సొమ్ము వెనక్కి అడగవచ్చు. బోర్డు మీద ఏ అలంకారమూ పట్టనిది ఆ నమోదు నంబరు ఒక్కటే. చదవడానికి నీరసంగా ఉంటుంది, చూడవలసింది ముందుగా దాన్నే.

ఇవన్నీ తెలిసినట్టు రాస్తున్న వ్యాసకర్త కూడా ఓసారి బోల్తాపడ్డవాడే. కొన్నేళ్ల కిందట ఒక వెంచర్‌లో ఇంకా రెండే ప్లాట్లు మిగిలాయి సార్ అంటే అక్కడికక్కడే టోకెన్ అడ్వాన్సు ఇచ్చాడు. ఆర్నెల్ల తర్వాత అదే దారిలో పోతే అదే బోర్డు, అవే రెండు ప్లాట్లు. అతిశయోక్తి అని గుర్తుపట్టాడు గాని మార్కులు వేసేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. అడ్వాన్సు తిరిగి చేతికి రావడానికి చాలాసార్లు తిరగాల్సి వచ్చింది.

మాటలకు అందరూ ఇలా పడిపోరు. కన్యాశుల్కంలో గిరీశం బండివాడికి కాంగ్రెస్ గురించి గంటలకొద్దీ లెక్చరిస్తాడు. అంతా విన్న బండివాడు తమ ఊరి హెడ్‌కానిస్టేబుల్ బదిలీ ఎప్పుడని అడుగుతాడు. గిరీశం దాన్ని బండివాడి అజ్ఞానం కింద చెప్పుకున్నాడు, చదివినవాళ్లు నూరేళ్లకు పైగా నవ్వుతున్నారు. ఎవరిని చూసి నవ్వాలో మాత్రం ఇంకా తేలలేదు.

ఈమధ్య ఒక ఆదివారం గౌడవెల్లి దగ్గర సైట్ విజిట్‌కి వచ్చిన కారులో వ్యాసకర్తతో పాటు ఒక కుటుంబం ఉంది: కొడుకు, కోడలు, డెబ్బై దాటిన తల్లి. ఏజెంట్ కుర్రాడు చురుకైనవాడు. తెల్లముగ్గు హద్దుల మధ్య నడుస్తూ క్లబ్‌హౌస్ ఇక్కడ, పార్కు అక్కడ, స్కూలు అటుపక్క అని గాలిలో చూపించాడు. కోడలు ఫొటోలు తీసింది. కొడుకు ఈస్ట్ ఫేస్‌కు గజం మీద ఎంత ఎక్కువని అడిగాడు. పెద్దామె చెప్పు విప్పి కాలితో మట్టిని కొంచెం రాసి చూసింది.

“అన్నీ మంచిగనే చెప్పినవ్ కొడుకా. బోరేస్తే నీళ్లు ఎంత లోతుల పడ్తున్నయ్?”

కుర్రాడు బ్రోచర్‌ను ముందుకోసారి, వెనక్కోసారి తిప్పాడు. “ఒక్క నిమిషం అమ్మా” అని ఫోన్ తీసి, సిగ్నల్ కోసం రోడ్డు వైపు నడిచాడు. ఎండ నెత్తి మీదికొచ్చింది. చుట్టుపక్కల చెట్టన్నది లేదు. ఆమె పోయి ఆ పెద్ద బోర్డు నీడలో కూర్చుంది, కుర్రాడు తిరిగొచ్చేదాకా.